క్రీమ్ కలర్ కిచెన్ పాలిపోయినట్టు ఉంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది ఒంగోలు. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చాం. ఇన్నాళ్లూ అద్దె ఇళ్లలో ఉండి, ఈ మధ్యే కుందలహళ్లి దగ్గర ఒక పాత ఫ్లాట్ కొనుక్కున్నాం. ఇల్లంతా నచ్చింది, కిచెన్‌లోకి వెళ్తే మాత్రం దిగులుగా ఉంటుంది. కప్‌బోర్డులు క్రీమ్, టైల్స్ క్రీమ్, గోడలు క్రీమ్. టైల్స్ మధ్యమధ్యలో కాఫీ కప్పులు, ద్రాక్ష గుత్తుల బొమ్మలు. గట్టు ఒక్కటే నల్ల గ్రానైట్, అందులో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి. కిటికీ ఉంది కానీ ఎదురుగా పక్క అపార్ట్‌మెంట్ గోడ, పగలు కూడా లైటు వేసుకోవాలి. కప్‌బోర్డులు మొత్తం మార్చాలంటే 3.5 లక్షలు అన్నారు, మా దగ్గర ఉన్నది 40 వేలు. గ్రానైట్ మీద తెల్ల మార్బుల్ స్టిక్కర్ వేయిస్తే బ్రైట్‌గా ఉంటుందని తెలిసినావిడ చెప్పింది. అత్తయ్య ఇచ్చిన ఇత్తడి సామాను, రెండు ఆవకాయ జాడీలు అటక మీదే ఉన్నాయి, బయట పెడితే ఓల్డ్‌గా కనిపిస్తుందేమోనని భయం. శ్రావణమాసంలో అత్తయ్య, మావయ్య వస్తున్నారు, ఆలోపు కాస్త బాగు చేసుకోవాలని. అసలు క్రీమ్ పక్కన ఏ రంగు బాగుంటుంది?

సమాధానం: ముందు ఆ స్టిక్కర్ ఆలోచన మానుకోండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. నల్లరాతిలో బంగారు చుక్కలు అన్నారంటే అది బ్లాక్ గెలాక్సీ గ్రానైటే అయి ఉంటుంది. మీ ఒంగోలు పక్కన చీమకుర్తిలో తవ్వే రాయి అది, అక్కడి నుంచి ఓడలెక్కి ఎన్నో దేశాలకు వెళ్తుంది. ఆ మెరిసే చుక్కలు బ్రోంజైట్ అనే ఖనిజం. మీ ఊరి రాయి మీ కంటే ముందే ఆ ఇంటికి వచ్చి కూర్చుంటే, దాని మీద ప్లాస్టిక్ కాగితం అతికిస్తారా? పైగా స్టిక్కర్ వంటగట్టు మీద నిలిచేది కాదు, స్టవ్ పక్కన వేడికి అంచులు లేస్తాయి, సింకు దగ్గర నీళ్లు లోపలికి దిగి నల్లగా బూజు పడుతుంది, కత్తి జారితే గాటు. నిజం మార్బుల్ వేయించుకున్నవాళ్లు కూడా చింతపండు పులుసు ఒలికితే పరిగెత్తుకొచ్చి తుడుస్తుంటారు, ఎందుకంటే పాలరాయికి పులుపు పడదు, తగిలిన చోట పైపొర కరిగి మచ్చ మిగులుతుంది. మన వంటకి గ్రానైట్‌ని మించింది లేదని నా గట్టి నమ్మకం. మీ కిచెన్‌లో ఉన్న ఒకే ఒక్క మంచి ముదురు రంగు అదే, దాన్ని కప్పేస్తే ఇక మిగిలేది క్రీమే.

ఇప్పుడు అసలు సంగతి. క్రీమ్ రంగులో తప్పేమీ లేదు. ఆ గదిలో లైటు సరిగ్గా లేదు, క్రీమ్‌కి ఆసరాగా ముదురుగా ఇంకేమీ లేదు, అందుకే అది వెలిసిపోయినట్టు కనిపిస్తోంది. కప్‌బోర్డులు మార్చినా ఈ రెండూ సరిచేయకపోతే 3.5 లక్షలు పెట్టిన తర్వాత కూడా అలాగే ఉంటుంది. కాబట్టి ముందు లైటు.

మీ ట్యూబ్‌లైట్ మీదో దాని డబ్బా మీదో 6500 కె (6500K) అని రాసి ఉంటుంది, చూడండి. కె అంటే కెల్విన్, వెలుతురు రంగుని చెప్పే కొలత. కూల్ డే లైట్ అని అమ్ముతారు, మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఈ వెలుతురులో నీలం పాలు ఎక్కువ, క్రీమ్‌లో ఉండే పసుపు ఛాయ మీద ఆ నీలం పడితే రంగు బూడిదగా మారిపోతుంది. మీరు దిగులు అంటున్నది దాన్నే. అలాగని పూర్తిగా పసుపుగా వెలిగే 2700 కె బల్బు పెడితే క్రీమ్ కాస్తా పసుపు గోడ అయిపోతుంది, ఉల్లిపాయ వేగిందో మాడిందో కూడా సరిగ్గా తెలియదు. సీలింగ్‌కి 4000 కె, అంటే నేచురల్ వైట్ పెట్టండి. పై కప్‌బోర్డుల అడుగున 3000 కె ఎల్ఈడీ స్ట్రిప్ వేయించండి. ఈ రెండో లైటు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కిచెన్‌ని నిజంగా మార్చేది అదే. సీలింగ్ లైటు మన వెనక నుంచి పడుతుంది కాబట్టి కూరగాయలు తరిగే చోట మన నీడే మనకి అడ్డం వస్తుంది. కప్‌బోర్డు అడుగున లైటు ఉంటే ఆ బాధ ఉండదు. అయితే ఎలక్ట్రీషియన్లు సులువని దాన్ని గోడ వైపు చివరికి అతికించేస్తారు, అలా కాకుండా కప్‌బోర్డు ముందు అంచు లోపలి వైపుకి పెట్టమనండి, అప్పుడే వెలుతురు గట్టు మీద నిండుగా పడుతుంది. స్ట్రిప్‌ని ఊరికే వదిలేయకుండా అల్యూమినియం ప్రొఫైల్‌లో, అంటే సన్నటి గాడిలో పెట్టి పైన పాల రంగు మూత ఉండేలా చూడండి. లేకపోతే నిగనిగలాడే నల్లరాతి మీద ఒక్కో ఎల్ఈడీ ఒక్కో తెల్ల చుక్కలా కనబడి కళ్లల్లో గుచ్చుకుంటుంది. మూత ఉంటే ఆ రాతి మీద సన్నటి వెలుగు గీత ఒకటి పడుతుంది, దాని చుట్టూ బంగారు చుక్కలు బయటపడతాయి. ట్యూబ్‌లైట్ వెలుతురులో మీరు ఆ రాయిని సగమే చూశారు.

లైట్లు మార్చిన తర్వాత కనీసం రెండు మూడు రోజులు ఏమీ కొనకండి. ఆ వెలుతురులో మీ క్రీమ్ ఏ క్రీమో తెలుసుకోండి. క్రీమ్ అని అందరం ఒకే మాట అంటాం కానీ కొన్నిటిలో పసుపు ఛాయ, కొన్నిటిలో గులాబీ ఛాయ, కొన్నిటిలో కొద్దిగా ఆకుపచ్చ బూడిద ఛాయ ఉంటుంది. తెలుసుకోవడం చాలా సులువు, ప్రింటర్‌లో వాడే తెల్ల కాగితం తీసుకుని కప్‌బోర్డుకి ఒకసారి, టైల్‌కి ఒకసారి, గోడకి ఒకసారి ఆనించి చూడండి. కాగితం పక్కన ఛాయ వెంటనే బయటపడుతుంది. కప్‌బోర్డు పసుపు ఛాయలో, గోడ గులాబీ ఛాయలో ఉంటే ఆ రెండూ ఒకదాన్నొకటి మురికిగా చూపిస్తాయి, అప్పుడు గోడకి కప్‌బోర్డు ఛాయలోనే ఇంకాస్త లేత రంగు వేయించాలి. ఉతికిన పంచెలాంటి తెలుపు మాత్రం క్రీమ్ పక్కన వద్దు, దాని పక్కన క్రీమ్ పాతబడిన తెలుపులా కనిపిస్తుంది. సీలింగ్‌కి తెలుపు పర్వాలేదు, అది దూరంగా ఉంటుంది. లేత గ్రే కూడా వద్దు. ఈమధ్య ప్రతి ఇంటీరియర్ వాళ్లూ గ్రే చూపిస్తున్నారు, ఎండ బాగా పడే పెద్ద కిచెన్‌లో అది నప్పుతుందేమో, మీ కిటికీ ఎదురు గోడ ఉన్న చోట ఇంకా నీరసంగా ఉంటుంది.

మరి ఏ రంగు? అటక మీద నుంచి అత్తయ్య గారి జాడీ ఒకటి దించి, తుడిచి, గట్టు మీద ఆ నల్లరాతి అంచున పెట్టి చూడండి. కింద క్రీమ్, పైన ముదురు గోధుమ రంగు, రెండూ కలిసే చోట గీత గీసినట్టు కాకుండా కాస్త కారినట్టు ఉంటుంది. మీరు అడిగిన ప్రశ్నకి జవాబు ఆ జాడీ మీదే ఉంది. క్రీమ్ పక్కన మట్టిలోంచి వచ్చిన రంగులు అద్భుతంగా నిలుస్తాయి. ముదురు గోధుమ, ఇటుక ఎరుపు, జేగురు, నలుపు, పాతబడిన ఇత్తడి. పెడన కలంకారీ చూసినా ఇదే కనిపిస్తుంది. బట్టని కరక్కాయ నీళ్లలో ముంచడం వల్ల దానికి ఆ మీగడ ఛాయ వస్తుంది, దాని మీద తుప్పు ఇనుము, బెల్లం పులియబెట్టి చేసిన నలుపుని అచ్చులతో వేస్తారు, ఎరుపేమో పటిక అచ్చు వేసిన చోట వేళ్ల రంగు నీళ్లలో ఉడికించినప్పుడు పట్టేది. తరాలుగా మనవాళ్లు క్రీమ్ మీద ఏ రంగులు నిలుస్తాయో చూసి చూసి ఎంచుకున్నవి అవి, మళ్లీ మనం కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. కాబట్టి జాడీలు, ఇత్తడి సామాను ఓల్డ్‌గా కనిపిస్తాయన్న భయం పెట్టుకోకండి. ఏ షాపులోనూ మీ కిచెన్‌కి అంత సరిపోయే వస్తువులు దొరకవు.

ఫ్రిజ్ పక్కనో తలుపు పక్కనో కప్‌బోర్డులు లేని గోడ ఒకటి ఉంటుంది కదా, దానికి జేగురు రంగు వేయించండి. గోడ మొత్తం ధైర్యం చాలకపోతే కింద నుంచి మూడడుగుల ఎత్తు వరకు పట్టీలా వేయించి పైన లేత క్రీమ్ వదిలేయండి. మన ఊళ్లలో సున్నం వేసిన ఇళ్లకి కింద జేగురు పట్టీ వేసేవాళ్లు, చూడటానికి అందం, చీపురు తగిలినా నీళ్లు చిందినా మరక కనిపించదు. ఫ్లాట్ కిచెన్‌లో కూడా ఆ రెండు ఉపయోగాలూ అలాగే ఉంటాయి. కడగడానికి వీలయ్యే పెయింట్ అడగండి, బాగా మెరిసే గ్లాసీ కాకుండా, కొద్దిగా మాత్రమే మెరిసే శాటిన్ ఫినిష్. చిన్న డబ్బా శాంపిల్ తెచ్చి రెండడుగుల ముక్క వేసి, పగలు ఒకసారి, రాత్రి మీ కొత్త లైట్లలో ఒకసారి చూసిన తర్వాతే మిగతాది వేయించండి. వానాకాలంలో బెంగళూరు ఎలా మబ్బు పట్టి ఉంటుందో మీకు తెలుసు, ఎండలో నచ్చిన రంగు అప్పుడు వేరేగా కనిపిస్తుంది.

కాఫీ కప్పుల టైల్స్ సంగతి. పాత అపార్ట్‌మెంట్లలో సగం వాటిలో ఈ బొమ్మలే, మీ బాధ నాకు బాగా అర్థమైంది. వాటి మీద పెయింట్ వేయించుకోవద్దు, స్టవ్ వెనక ఆవిరికి, నూనెకి పెచ్చులు లేస్తుంది. కొత్త టైల్సే వేయించుకోండి. గట్టుకీ పై కప్‌బోర్డులకీ మధ్య ఎత్తు మామూలుగా రెండడుగులు, మీది ఎల్ ఆకారంలో ఉండి మొత్తం పొడవు 15 అడుగులు అనుకుంటే కావలసింది 30 చదరపు అడుగులే, విరిగేవాటికి ఇంకో మూడు కలుపుకోండి. ఇంత తక్కువ కాబట్టి చదరపు అడుగుకి కాస్త ఎక్కువ పెట్టినా భారం అనిపించదు. పాత టైల్స్ గట్టిగా ఉంటే పగలగొట్టకుండా వాటి మీదే టైల్ అడెసివ్‌తో కొత్తవి అతికించొచ్చు, దుమ్ము బాధ తప్పుతుంది. ముందు మేస్త్రీ చేత పాత వాటిని తట్టి చూడమనండి, డొల్ల శబ్దం వచ్చినవి తీసేయాలి. మందం పెరుగుతుంది కాబట్టి స్విచ్‌బోర్డులు కాస్త ముందుకి తేవాలి, ఆ రోజు ఎలక్ట్రీషియన్ కూడా ఉండాలి.

రంగు మళ్లీ క్రీమే అంటే ఆశ్చర్యపోతారేమో, నేను చెప్పేది అదే. బొమ్మలు లేని సాదా క్రీమ్, నిగనిగలాడేది, చేత్తో చేసినట్టు పైభాగం కొద్దిగా ఎగుడుదిగుడుగా ఉండే చిన్న టైల్. కింద నుంచి నల్లరాయి, పై నుంచి స్ట్రిప్ లైటు ఉన్నప్పుడు ఆ ఎగుడుదిగుడు మీద వెలుగు అలలు అలలుగా పడుతుంది. మంచి ఎండ పడే కిచెన్ అయితే ముదురు ఆకుపచ్చ వేయించుకోమని చెప్పేదాన్ని, మీకు గట్టు నలుపు, గోడ ఆకుపచ్చ అయితే వంట చేసే చోటు గుహలా అయిపోతుంది. సందుల్లో నింపడానికి సిమెంట్ గ్రౌట్ కాకుండా ఎపాక్సీ గ్రౌట్ అడగండి, ఖర్చు ఎక్కువే, కానీ పసుపు, కారం, నూనె పీల్చుకోదు. క్రీమ్ కిచెన్‌లో దీని దగ్గర మాత్రం పీనాసితనం వద్దు.

ఇక హ్యాండిల్స్. తక్కువ ఖర్చుతో కప్‌బోర్డులు కొత్తవిగా కనిపించే ఉపాయం ఇది, చాలామంది దీన్ని చివర్లో ఆలోచిస్తారు. ఇప్పుడున్న స్టీల్ హ్యాండిల్స్ తీసేసి పాతబడిన ఇత్తడి రంగువి పెట్టండి, గట్టు రాతిలో చుక్కలకీ వీటికీ సరిగ్గా కలుస్తుంది. కొనేముందు ఒక పాత హ్యాండిల్ విప్పి, రెండు స్క్రూ రంధ్రాల మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలవండి. సాధారణంగా 96, 128, 160లో ఏదో ఒకటి ఉంటుంది. అదే కొలత కొంటే స్క్రూడ్రైవర్‌తో మీరే మార్చుకోవచ్చు, కొలత తప్పితే క్రీమ్ లామినేట్ మీద పాత రంధ్రాలు కనబడుతూ ఉంటాయి. విప్పిన హ్యాండిల్ జేబులో వేసుకుని హార్డ్‌వేర్ షాపులుండే ఎస్.పి. రోడ్ వైపు ఒక శనివారం వెళ్లండి, చిక్‌పేట మెట్రో స్టేషన్ నుంచి నడిచే దూరమే. పై కప్‌బోర్డుల గుండ్రటి నాబ్స్‌కి కర్ణాటకలోని చన్నపట్నలో చేసే లక్క పూసిన చెక్కవి దొరికితే ఇంకా బాగుంటుంది. మన ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రతోనే చన్నపట్న బొమ్మలూ చేస్తారు, చెట్టు ఒకటే. రంగులు మాత్రం ఎరుపో గోధుమో ఒక్కటే తీసుకోండి, అన్ని రంగులూ కలిపితే పిల్లల గది అయిపోతుంది.

కిటికీకి పైనుంచి కిందిదాకా కర్టెన్ వేయకండి, ఉన్న కొద్ది వెలుతురూ పోతుంది. కింది సగానికి మాత్రం కలంకారీ కాటన్ ముక్క ఒక రాడ్‌కి కుట్టించి వేస్తే పక్క అపార్ట్‌మెంట్ గోడ కనబడదు, పై సగం నుంచి వెలుతురు వస్తుంది. స్టవ్‌కి దగ్గరగా ఉన్న కిటికీ అయితే అది కూడా వద్దు. మొక్క కావాలంటే మనీప్లాంట్ ఒకటి, పాటరీ టౌన్‌లో దొరికే సాదా మట్టి కుండీలో. తులసి, కరివేపాకు ఆ వెలుతురులో బతకవు, వాటిని బాల్కనీలోనే ఉంచండి.

ఇత్తడి సామాను అంతా ఒకేసారి బయట పెట్టేయకండి. జేగురు గోడ మీద మూడడుగుల చెక్క అర ఒక్కటి, స్టవ్‌కి దూరంగా. మన తాలింపు పొగ చేరే చోట తెరిచిన అరలు పెడితే వారం తిరక్కుండా నూనె జిడ్డు మీద దుమ్ము పేరుకుంటుంది, ఫోటోల్లో చూసే ఆ వరస అరలన్నీ తాలింపు లేని వంటలకి. ఆ ఒక్క అర మీద చెంబు, చిన్న గంగాళం, రోజూ వాడే కాఫీ ఫిల్టర్ లాంటివి మూడు నాలుగు చాలు. చింతపండు, ఉప్పుతో తోముకుంటే మెరుస్తాయి, తోమకపోయినా ఆ మసకబారిన రంగు క్రీమ్ పక్కన బాగుంటుంది, టెన్షన్ వద్దు. జాడీలు బరువు, వాటిని అర మీదికి ఎక్కించకండి, గట్టు మూల చాలు. ఒకదాంట్లో ఉప్పో చింతపండో వేసి రోజూ వాడండి. పప్పులకి గాజు సీసాలు పెట్టుకోండి, కందిపప్పు, పెసలు, మిరియాలు బయటికి కనిపిస్తే అదే అందం. కారం, పసుపు మాత్రం స్టీల్ డబ్బాల్లో కప్‌బోర్డు లోపలే ఉండాలి, వెలుతురుకి రంగు పోతుంది.

క్రీమ్ కప్‌బోర్డుల మీద పసుపు మరక పడితే వెంటనే తడిబట్టతో తుడవండి. సబ్బు నీళ్లు తగిలి ఎర్రగా మారితే కంగారు పడకండి, పసుపుకి సబ్బు తగిలితే అలాగే అవుతుంది, మరక పెరిగినట్టు కాదు. శుభ్రంగా మంచినీళ్లతో మళ్లీ తుడిస్తే సరిపోతుంది. చిమ్నీ పక్క తలుపుల మీద పసుపు రంగులో పేరుకునేది చాలావరకు నూనె పొరే, గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి మెత్తటి బట్టతో రుద్దితే వదులుతుంది. ఆకుపచ్చ స్క్రబ్బర్ మాత్రం ముట్టించకండి, ఆ గీతలు జన్మలో పోవు.

శ్రావణం లోపల కావాలన్నారు కాబట్టి వరస చెప్తాను. ఈ వారమే లైట్లు. తర్వాత టైల్స్, ఎందుకంటే దుమ్ము లేచే పని అదొక్కటే, పైగా మంచి టైల్ మేస్త్రీ అడిగిన వెంటనే దొరకడు, ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. అది ఆరిన తర్వాత జేగురు గోడ, చివర్న హ్యాండిల్స్, కర్టెన్, అర. మీ 40 వేలలో పెద్ద ముక్క టైల్స్‌కీ లైట్లకీ పోనివ్వండి, అలంకరణ వస్తువులకి అసలు డబ్బు పక్కన పెట్టకండి. డబ్బు చాలదనిపిస్తే టైల్స్ పని దసరా తర్వాతకి వాయిదా వేసి, అప్పటిదాకా ఆ కాఫీ కప్పుల ముందు జాడీలూ నూనె సీసా ట్రే పెట్టుకోండి, చాలావరకు కనిపించవు. టైల్ షాపుకి వెళ్లేటప్పుడు కప్‌బోర్డు తలుపు ఒకటి విప్పి వెంట తీసుకెళ్లండి, ఫోన్‌లో తీసిన ఫోటోని నమ్మి క్రీమ్ రంగు ఎంచుకోవద్దు.